పికెట్‌కు బువ్వ ఎవరు పెట్టాలె

రెవెన్యూ కొలువులో కొత్తగా చేరిన ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. రెవెన్యూలో పనిచేసి రిటైరైనవాణ్ని కనుక భూముల చిక్కుల గురించి అడిగారు. నేను తుపాకుల గురించి చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శిక్షణలో ఆ పాఠం ఒక్క పూటలో అయిపోయిందట.

పహాణీ చదవడం, పంచనామా రాయడం ఎవరైనా నేర్పుతారు. ఎవరూ నేర్పనిది ఒకటుంది. తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా. గుంపు ముందు తుపాకులు నిలబడ్డప్పుడు మేజిస్ట్రేటు అక్కడుంటే, కాల్చాలా వద్దా అన్న మాట ఆయన నోట్లోంచే రావాలి. ఆయన చేతిలో లాఠీ కూడా ఉండదు. ఉన్న బలమంతా ఆయన అక్కడ నిలబడి ఉండటమే. నా ఉద్యోగ కాలంలో చూసిన అధికారుల్లో ఈ అధికారాన్ని తప్పుగా వాడినవాళ్లు తక్కువ. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి తప్పుకున్నవాళ్లే ఎక్కువ. నా లెక్కలో రెండోదే పెద్ద నేరం. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కాలేజీలో ఓడిపోయిన చర్చ

హనుమకొండలో చదువుకునే రోజుల్లో మాకొక చర్చావేదిక ఉండేది. దేవుడున్నాడా, శకునాలు నిజమా, కులం పోవాలంటే ముందు పెళ్లిళ్లు కలవాలా భోజనాలు కలవాలా అని గొంతులు చించుకునేవాళ్లం. నేను సహపంక్తి భోజనాలు పెట్టించడానికి ఊరూరా తిరిగిన బాపతు. ఒక ఆదివారం విషయం మారింది. యుద్ధం చేసే అధికారం ఒక్క మనిషి చేతిలో ఉండవచ్చా?

మన దేశంలో ఆ ప్రమాదం లేదని నేను వాదించాను. రాష్ట్రపతి సర్వసైన్యాధిపతే గానీ మంత్రివర్గం సలహా లేకుండా ఒక్క సిపాయిని కదల్చలేడు. అమెరికాలో యుద్ధం ప్రకటించే హక్కు చట్టసభదే అయినా, ప్రకటన లేకుండానే వాళ్ల అధ్యక్షుడు వియత్నాంలో యుద్ధం నడుపుతున్నాడు. వాళ్ల రాజ్యాంగంలో వాక్యం వదులు, మన వాక్యం గట్టిది. అలా ముగించి కూర్చున్నాను.

అధ్యక్ష స్థానంలో ఉన్న లెక్కల మాస్టారు అడిగారు. "వాక్యం గట్టిదే. సిపాయి పొద్దున లేచి రొట్టె తింటడు గద. గా రొట్టె ఎవరిది?"

అందరూ నవ్వారు.

"నవ్వకుర్రి. సైన్యం ఖర్చుకు ఏటేటా ఒప్పుకునేది సభ. ఒప్పుకోకుంటే పొయ్యి వెలగది. గా అమెరికా సభ రొట్టెలు పంపుకుంటనే ఉన్నది, ఎందుకని అడుగుడు బంద్ చేసింది. అందుకే అధ్యక్షుడు ఆడింది ఆట అయింది. మనోళ్లు గూడ అడుగుడు బంద్ చేస్తే నీ గట్టి వాక్యం ఏం చేస్తది?"

నా పక్షం ఓడిందని తీర్పు చెప్పారు. రొట్టెకూ రాజ్యాంగానికీ ఏం సంబంధమని గొణుక్కుంటూ సైకిలెక్కాను.

జనగామ స్టేషన్ దగ్గర

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న 1969లో నేను జనగామలో నాయబ్ తహసీల్దారుని. నా మనసు ఉద్యమంతోనే ఉండేది. అది అప్పుడూ దాచలేదు, ఇప్పుడూ దాచను. ఒక పొద్దున విద్యార్థులు స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్నారు. అటు వరంగల్ బండి, ఇటు హైదరాబాద్ బండి ఆగిపోయాయి. మధ్యాహ్నానికి రాళ్లు పడ్డాయి, పోలీసులు వెనక్కి తగ్గారు. అప్పుడు సైన్యం నుంచి ఒక చిన్న దళం వచ్చింది. దాని మేజరు ఉత్తరాది మనిషి. జీపు దిగుతూనే "మేజిస్ట్రేట్ కౌన్ హై?" అని అడిగాడు.

మా డిప్యూటీ కలెక్టరు ఎదురుపోయాడు. పొద్దుటి నుంచి వాడిపోయి ఉన్న ఆయన మొహం అప్పుడు వెలిగింది. "మేజర్ సాబ్, ఊరు మీకు అప్పజెప్తున్న. ఇగ మీ ఇష్టం" అన్నాడు ఉర్దూలో.

మేజరు ఉర్దూలోనే జవాబిచ్చాడు. "ఊరు నాకెందుకు సాబ్? ఊరు మీది. ఈ పిల్లలను బలంతో లేపాలా వద్దా అన్నది మీరు చెప్పండి. లేపమంటే ఎట్లా లేపాలో నేను చూస్తాను. చెప్పేదాకా మావాళ్లు నీడన కూర్చుంటారు."

"అదే నేను చెప్పేది! మీకు ఇచ్చేసిన."

"మీరు ఇచ్చినా తీసుకునే హక్కు నాకు లేదు."

మా సారుకు వెంటనే కడుపునొప్పి మొదలైంది. నా వైపు వేలు చూపి "ఈయన గూడ మేజిస్ట్రేటే" అని చెప్పి డాక్ బంగ్లాకు వెళ్లిపోయాడు. నా మీద నమ్మకంతో కాదు, నేను చేతికి అందేంత దూరంలో ఉన్నాను కనుక.

నేను పట్టాల దగ్గరికి నడిచాను. ముందు వరుసలో కూర్చున్న ఒక పొడుగు పిల్లవాడు అరిచాడు. "మిలిట్రీని తెచ్చుకున్నరు గద సారూ, కాల్వుమనుర్రి!"

"నేను చెప్తే గని కాల్వరు."

"నువ్వా?" నా చెప్పులూ, నలిగిన చొక్కా చూసి అందరూ పగలబడి నవ్వారు. "మీ ఆఫీసుల చప్రాసీ గూడ నీ మాట ఇనడు సారూ!"

"చప్రాసీ ఇనడు. ఈ మేజరు ఇంటడు. అదే నాకు భయమైతున్నది."

నవ్వు ఆగింది. పొడుగు పిల్లవాడు సిపాయిల వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. "అయితే నువ్వు చెప్పకు."

"నేను చెప్ప. మీరు లేవుర్రి."

"మేము లేవం."

"అయితే నేను గూడ కూసుంట."

పట్టాల పక్కన కంకర మీద కూర్చున్నాను. సాయంత్రం దాకా వాళ్లు నినాదాలిచ్చారు, సిపాయిలు నీడన నీళ్లు తాగారు. పొద్దు వాలుతుంటే ఆ పొడుగు పిల్లవాడే లేచి "రేపు మళ్ల వస్తం, నువ్వు గూడ రా సారూ" అని ప్యాంటు దులుపుకున్నాడు. మిగతావాళ్లూ లేచారు. మేజరు నన్ను పొగడలేదు. చేయి కలిపి జీపెక్కి పోయాడు.

సిపాయి కుర్చీ గుంజుకుంటాడని మనకు చదువులో భయం పెడతారు. ఆ రోజు నేను చూసింది వేరు. కుర్చీలో ఉన్నవాడే దాన్ని మోసుకుపోయి సిపాయికి ఇవ్వబోయాడు. ఆ సిపాయి నిబంధన తెలిసినవాడు కనుక బతికిపోయాం.

తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. రాష్ట్రపతి సంతకం పడ్డాక గానీ మంత్రివర్గానికి ఆ కబురు తెలియలేదు. తెలిశాక ఎవరూ అడగలేదు. ఢిల్లీలోనూ మా డిప్యూటీ కలెక్టర్లే ఉన్నారని అర్థమైంది. మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందితేనే రాష్ట్రపతి ప్రకటన చేయాలని తర్వాత రాజ్యాంగంలో చేర్చారు. చేర్చవలసిందే. కానీ గట్టి వాక్యం ఒక్కటే చాలదని లెక్కల మాస్టారు అప్పటికే చెప్పి ఉన్నారు.

దొర ఇంటి వంట

ఎమర్జెన్సీ ఎత్తేసిన కొన్నేళ్లకు నన్ను మొగుళ్లపల్లి దిక్కు తహసీల్దారుగా వేశారు. అక్కడ ఒక ఊళ్లో సర్కారు భూమిని కూలీలకు పంచి లావణి పట్టాలు ఇచ్చారు. పట్టాలు కూలీల దగ్గర ఉన్నాయి, భూమి మాత్రం దొర కిందే ఉండేది. ఆ ఏడు కూలీలు ధైర్యం చేసి దున్నారు, జొన్న వేశారు. కంకి ముదిరే వేళకు దొర పెద్దవాళ్లకు చెప్పుకొని, శాంతిభద్రతల పేరుతో రిజర్వు పోలీసు పికెట్ తెప్పించాడు. ఆయన పేరు రాయను. ఊరి పేరు కూడా రాయను. ఇట్లాంటి ఊళ్లు ఆ దిక్కున చాలా ఉండేవి.

నేను పోయి చూసేసరికి పికెట్ దొర ఇంట్లోనే ఉంది. తుపాకులు వసారాలో గోడకు ఆనించి ఉన్నాయి, పోలీసులు పెరట్లో కోడికూరతో అన్నం తింటున్నారు. వాళ్లకు పెద్ద హెడ్ కానిస్టేబుల్ ఖాసిం. అందరూ జమేదార్ అనే పిలిచేవాళ్లు.

ఇది ఆ ఒక్క దొర కుట్ర అనుకుంటే మీకు ఆ రోజుల సంగతి తెలియనట్టు. అది మా అలవాటు. అధికారి ఊరికి పోతే పాలు, బియ్యం, కోడి ఊరే తెచ్చి పెట్టాలి. నిజాం నాటి వెట్టి చట్టంలో పోయింది, మా నాలుకల మీద నిలిచింది. పదిమందికి వండే గిన్నెలు, చేదబావి, పడుకునే చోటు దొర ఇంట్లోనే ఉంటాయి కనుక పికెట్ కూడా అక్కడికే పోతుంది. బలగాన్ని పంపే సర్కారు, వాళ్లు ఏం తింటారన్నది ఆలోచించదు. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. దాన్ని మర్యాద అనేవాళ్లు.

దొర నాకు కుర్చీ వేయించాడు. "తాసిల్దార్ సాబ్, జర చెయ్యి కడుక్కోర్రి. తిన్నంక మాట్లాడుకుందం."

"నేను టిఫిన్ తెచ్చుకున్న."

"మా ఇంటి అన్నం చేదా?"

"చేదైతే ఇబ్బందే లేదు. రుచిగుంటది, అదే కష్టం" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. పక్కనే జమేదార్ ఆయన చేత్తో ఇచ్చిన తమలపాకులు నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు నాకు లెక్కల మాస్టారి రొట్టె గుర్తొచ్చింది.

బయటికి పిలిచి అడిగాను. "జమేదార్, రేపో ఎల్లుండో కూలీలు జొన్న కోస్తరు. అప్పుడు దొర వాళ్ల మీదికి పొమ్మంటే పోతవా?"

అతడు సిగ్గుపడ్డాడు. "ఏం జెయ్యాలె సార్? ఇన్ని రోజులు తింటిమి. మొహం చూసుకుంట వద్దని ఎట్లంటం?"

నిజాయితీగా చెప్పాడు. పాపం, దుర్మార్గుడు కాడు. మొహమాటమున్న మనిషి. రేపు పొలంలో మనుషులు చస్తే ఆ మొహమాటం వల్లే చస్తారని నాకు ఖాయంగా తెలిసింది.

ఆ సాయంత్రమే పికెట్‌ను బడి వసారాకు మార్చాను. సర్కారు గోదాము నుంచి బియ్యం, పప్పు తెప్పించాను. దానికి ఏ పద్దూ లేదని ఆఫీసు తర్వాత రాసింది. లేకుంటే కొత్త పద్దు పెట్టుకోండని తిరిగి రాశాను. బడి వెనక మూడు రాళ్లు పెట్టి పొయ్యి చేయించాను. అక్కడ ఇంకో తగాదా లేచింది. ఒక కులం పోలీసు వండితే ఇంకొక కులం పోలీసు తినడట. "ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె. వంతుల వారీగా అందరూ వండాలె. తినబుద్ధి కానోడు ఉపాసముండొచ్చు" అన్నాను. ఆకలి మా చర్చావేదికకన్నా బాగా వాదించింది. చీకటి పడేసరికి అందరూ ఒక్క గిన్నెలోంచే తిన్నారు.

జమేదార్ పప్పన్నం కలుపుతూ నిట్టూర్చాడు. "కోడికూర ఇడిచిపెట్టి గిదేంది సార్? మా ఉసురు తగుల్తది మీకు."

"తగలనీ. నెమ్మదిగ తిను."

జొన్న కోత

మరుసటి పొద్దున కూలీలు కొడవళ్లతో చేనుకు వచ్చారు. వాళ్లకు ముందు నడిచింది మరియమ్మ. మాదిగవాడలోని క్రైస్తవురాలు, యాభై దాటిన మనిషి. అటు నుంచి దొర బండ్లతో, పాతికమంది మనుషులతో దిగాడు. మధ్యలో పికెట్ ఉంది, పికెట్ ముందు నేను ఉన్నాను. వెనక నిలబడితే తుపాకి నాకు ఎదురుగా ఉండదు, కాల్చమనే ధైర్యం ఎక్కువవుతుంది. అందుకే మేజిస్ట్రేటు ఎప్పుడూ తుపాకి ముందే నిలబడాలి.

పట్టాలు పేరుపేరునా చదివించాను. "భూమి వీళ్లది, పంట వీళ్లది. దొరా, బండ్లు తిప్పుకోర్రి" అన్నాను.

దొర నన్ను చూడనే లేదు. "ఏం ఖాసిం? నిన్నటి దాక నా ఇంట్ల తిన్నవు. ఇయ్యాల నోరు లేస్తలేదా?"

జమేదార్ తల గోక్కున్నాడు. "ఏం చెప్పాలె దొరా. నిన్నటి సంది సర్కారు పప్పు తింటున్న. అది అరిగేదాక ఈ సారు మాటనే ఇనాలె."

కూలీలు ఘొల్లుమన్నారు. ఆ నవ్వు దొర మనుషులకు కాలింది. తోపులాట మొదలైంది. ఇంతలో కూలీల వైపు నుంచి ఒక రాయి వచ్చి ఒక పోలీసు నుదుటికి తగిలింది. రక్తం కారింది. వెనక తుపాకుల బోల్టులు కదిలిన చప్పుడు విన్నాను.

"సార్, ఆర్డర్?" జమేదార్ గొంతు మారిపోయింది.

"లేదు."

"మావోనికి రక్తం కారుతున్నది సార్!"

"చూస్తున్న. దవాఖానకు తీస్కపో. ఆర్డర్ లేదు. తుపాకులు దించుమను."

నేను వెనక్కి తిరగలేదు. జమేదార్ నా వీపు వైపు చూస్తూ ఏమనుకున్నాడో తెలియదు. "దించుర్రి!" అన్న అతని కేక మాత్రం విన్నాను.

అదే క్షణంలో మరియమ్మ తన వాళ్ల మీద తిరగబడింది. "ఎవడ్రా గా రాయి ఇసిరింది? చేతుల కొడవలి పెట్టుకొని రాయితోని పనేందిరా? కొయ్యిర్రి జొన్న!" అని తనే మొదటి కర్ర కోసింది. పక్కవాళ్లు వంగారు. వంగినవాళ్ల మీదికి ఎవరూ పోలేకపోయారు. కాసేపటికి దొర బండ్లు తిరిగిపోయాయి.

మధ్యాహ్నం మరియమ్మ గుడ్డలో మూటకట్టిన రొట్టెలు, తొక్కు తీసుకుని పికెట్ దగ్గరికి వచ్చింది. పోలీసులు చేతులు చాచారు. నేను అడ్డం పోయాను.

"వద్దు మరియమ్మా. వీళ్లు సర్కారు బువ్వే తినాలె. ఎవరింటిదీ తినొద్దు."

ఆమె మొహం నల్లబడింది. "దొర ఇంట్ల కోడి తిన్నప్పుడు ఏ సర్కారు ఉండె సారూ? మా మాదిగోళ్ల రొట్టె వచ్చేసరికి యాదికొచ్చిందా?"

"ఆ కోడి బంద్ చేసింది గూడ నేనే."

"నువ్వు తిను మరి. నీకేం అడ్డం?"

"నేను గూడ తినొద్దు. రేపు మళ్ల తగాదైతే నేనే తీర్పు చెప్పాలె."

పక్కన ఉన్న పట్వారీ నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. సహపంక్తి భోజనాల సారు మాదిగామె రొట్టె కాదన్నాడన్న మాట సాయంత్రానికి తాలూకా అంతా పాకింది. మరియమ్మ మూట బిగించుకుంది. "మా రొట్టె మైల కాదు సారూ" అని మాత్రం అని వెళ్లిపోయింది. ఇరవై ఏళ్లు వేదికలెక్కి అన్న మాట, అదే మాట, నాకు తిరిగొచ్చింది. ఆ రోజు మళ్లీ వచ్చినా వద్దనే అంటాను. తుపాకులున్న పొయ్యికి బంధువులుండకూడదు. మంచివాళ్లయినా సరే, నాకు ఇష్టమైనవాళ్లయినా సరే.

మీకు చెప్పవలసింది

నెల తిరగకుండా నన్ను మానుకోట తాలూకాకు, బయ్యారం గుట్టల కింద భూముల కొలతలకు పంపారు. నా తర్వాత వచ్చినాయన మొదటి పూటే దొర ఇంట్లో తిన్నాడు. పికెట్‌ను మళ్లీ రమ్మని దొర కబురు పెడితే, సర్కారు రాసిస్తే వస్తానని జమేదార్ బడి వసారాలోనే ఉన్నాడట. జమేదార్ మారాక వచ్చిన దళం మాత్రం తిరిగి పెరట్లో కోడికూరకు పోయింది. నేను పెట్టిన పొయ్యి నిలవలేదని మీకు అబద్ధం చెప్పకుండా రాస్తున్నాను. ఆ మూడు రాళ్లు ఒకసారి పెడితే ఉండేవి కావు. వచ్చిన ప్రతివాడూ మళ్లీ పెట్టాలి. ఢిల్లీలో సభ ఏటేటా అడగాలి, ఊళ్లో తహసీల్దారు పూటపూటా అడగాలి. రేపు మీ తాలూకాకు ఒక బలగం దిగితే, వాళ్లకు ఎన్ని తుపాకులున్నాయని తర్వాత కనుక్కోండి. ముందు వాళ్లకు అన్నం ఎవరు వండుతున్నారో పోయి చూడండి.

చార్జి అప్పజెప్పిన తెల్లారి బయ్యారం బస్సు ఎక్కకుండా ఆ ఊరికి పోయాను. జీపు లేదు, బంట్రోతు లేడు. మరియమ్మ ఇంటి ముందు గిన్నెలు తోముతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఇంకేం వద్దని చెప్ప వచ్చినవు సారూ?"

"సారును కాదు. నిన్నటితోని అయిపోయింది. బయ్యారం దిక్కు ఎల్లగొట్టిండ్రు."

"జొన్న గురించేనా?"

"జొన్న గురించే."

గిన్నె పక్కన పెట్టింది. "మరి గా తుపాకోళ్లు ఇప్పుడు నీ మాట ఇనరా?"

"ఎవడు ఇనడు. బస్సు కండక్టరు గూడ ఇనడు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఆనాడు ఎందుకు వద్దన్నవో మావోళ్లు చెప్పిండ్రు. సమజైంది. కడుపుల మంట మాత్రం పోలే."

"నాకూ పోలే. అందుకే వచ్చిన. ఆకలైతున్నది."

మరియమ్మ చేతులు కడుక్కుంది. లోపలికి పోయి గోనెసంచి తెచ్చి గడప పక్కన పరిచింది. రొట్టె, దాని మీద పచ్చిమిరపకాయ తొక్కు పెట్టి నా చేతికిచ్చింది.

"గా చేని జొన్ననే. కూసో తమ్మీ, తిను."